పదీ నలభై ఒకటికి లేచిన బండి

"బొట్టు పెట్టింది నువ్వేనా?"

"నేనే."

"ఎక్కడ పెట్టావు?"

"బండి ముక్కు మీద. ప్రతి శుక్రవారం పెడ్త. పదకొండు శుక్రవారాలు పెట్టిన, ఏం కాలె. నిన్నటిది పన్నెండోది."

మేడ వరండాలో మహిళా కానిస్టేబుల్ కాపలాలో కూర్చున్న బాలమణి తడుముకోకుండా చెప్పింది. పొద్దుటినుంచి పోలీసులకు నాలుగుసార్లు చెప్పిన మాటే అయినా గొంతులో జంకు లేదు. పట్టాభిరామయ్యకు ఆ తీరు నచ్చింది. ఆయన ముప్పై మూడేళ్ళు మోటారు వాహనాల శాఖలో పనిచేశాడు. జనం నోట్లో బ్రేకు ఇన్‌స్పెక్టరు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ప్రమాదాల గుట్టు విప్పే డిటెక్టివుగా బోర్డు పెట్టుకున్నాడు. అబద్ధమాడే డ్రైవరు ముందుగా దేవుడి మీద ఒట్టేస్తాడనీ, నిజం చెప్పేవాడికి ముందుగా కోపం వస్తుందనీ ఆయన అనుభవం. బాలమణికి కోపం బాగానే వచ్చి ఉంది.

ఫిలింనగర్‌లో ఒక పాత డబ్బింగ్ స్టూడియో మేడ. దాని పైకప్పు మీదే 'నింగి' కంపెనీ తన గాలి టాక్సీలకు దిగే చోటు, ప్యాడ్, కట్టుకుంది. ఎనిమిది పంకాలు, నాలుగు సీట్లు, కింద బ్యాటరీ. స్టీరింగూ లేదు, డ్రైవరూ లేడు. తనంతట తనే లేచి, తనంతట తనే దిగుతుందని కంపెనీ మాట. ఆటో ఎక్కినంత తేలిగ్గా ఆకాశం ఎక్కండని జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ సందుల దాకా బోర్డులు పెట్టారు. మూడు నెలలుగా సినిమావాళ్ళను పిలిచి ఉచితంగా తిప్పుతున్నారు.

నిన్న శుక్రవారం నిర్మాత వీరరాఘవయ్య ఎక్కాడు. పదీ నలభై ఒకటికి బండి లేచింది. పదకొండు నిమిషాలు చక్కరు కొట్టి, దిగబోతూ మేడ వెనకాల రాతిగుట్ట మీద కూలింది. వీరరాఘవయ్య ఐసీయూలో ఉన్నాడు. బండి పొట్ట కింద ఉండే కెమెరా కన్ను మీద కుంకుమ ఉందనీ, అందువల్ల దానికి దిగే చోటు కనపడలేదనీ సాయంత్రానికల్లా కంపెనీ తేల్చేసింది. కుంకుమ పెట్టేది ప్యాడ్ దగ్గర పనిచేసే బాలమణి. ఇంకేం, రాత్రి నుంచి టీవీల్లో ఆమె ఫోటోయే.

"కెమెరా కన్ను మీద పెట్టలేదంటావు," అన్నాడు పట్టాభిరామయ్య.

"సార్, ఇరవై ఏండ్లు సెట్ల మీద గుంపుల నిలబడ్డ. ముహూర్తం నాడు కెమెరాకు బొట్టు పెడ్తరు, ఎన్నిసార్లు చూడలె! డబ్బాకు పెడ్తరు, స్టాండుకు పెడ్తరు. అద్దం జోలికి పోతే కెమెరా అసిస్టెంటు చెయ్యి విరగ్గొడ్తడు. లెన్సు మీద వేలు పెట్టొద్దని మా గల్లీల చిన్న పిల్లలకు గూడ ఎరికే. నేను పెడ్తనా?"

"నిన్న ఏం జరిగిందో గంటలతో సహా చెప్పు."

"ఎనిమిదింటికి పూజ చేసిన. పదింపావుకు ఒక సవారి పోయొచ్చింది. పదిన్నరకు వీరరాఘవయ్య సారొచ్చి కూసున్నడు. బండి లేస్తలేదు. బోర్డు మీద 'తనిఖీ జరుగుతోంది' అని పడ్డది. గట్ల అప్పుడప్పుడు పడ్తది. సార్‌కేమో ఆలస్యం అంటే మంట. రిత్విక్ సార్‌ను గట్టిగ అరుసుకున్నడు. పదీ ముప్పై ఆరుకు రిత్విక్ సార్ ఉరుక్కుంట మెట్లు దిగి పోయిండు. పదీ నలభై ఒకటికి బండి లేచింది."

"పడ్డాక?"

"నేనూ వాచ్‌మనూ కలిసి సార్‌ను బయటికి గుంజినం. ఆంబులెన్సు పదకొండూ నాలుగుకొచ్చింది. సార్ నా చెయ్యి ఇడుస్తలేడు, నేను గూడ ఎక్కిన." ఆమె మెడలో వేలాడుతున్న బ్యాడ్జీని పిడికిట్లో పట్టుకుంది. "ఇరవై ఏండ్లల్ల నన్ను పేరు పెట్టి పిలిచిన డైరెక్టర్ లేడు. ఎర్ర చీర, ఇటు జరుగు. పచ్చ చీర, అటు జరుగు. ఈ నౌకరీల మొదటిసారి నా పేరు రాసి మెడలేసిండ్రు. ఇయ్యాల ఆ పేరే టీవీల దొంగ పేరు లెక్క చదువుతున్నరు. జైలుకు పంపిస్తే పోత సార్. తప్పు నాదేనని రాసుకొచ్చిన కాయితం మీద సంతకం మాత్రం పెట్ట."

పట్టాభిరామయ్య గడియారం చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు. టైము రెండూ ఇరవై. నాలుగింటికి ఆమెను మేజిస్ట్రేటు ముందు పెడతారు.

ఆయన్ను ఈ కేసులోకి దింపింది వీరరాఘవయ్య భార్య పుష్పవల్లి. "నా మొగుడు మంచం మీదున్నాడు కాబట్టి ఎవర్నో ఒకర్ని బలిస్తే నా మనసు చల్లబడుతుందనుకుంటున్నారు, అన్నయ్యగారూ. నా మనసు అంత చవకది కాదు," అని ఫోను పెట్టేసింది. అంతకు మించి ఆవిడేమీ చెప్పలేదు, ఆయనకూ అవసరం లేకపోయింది.

* * *

రాతిగుట్ట దగ్గర సీఐ ఓంప్రకాష్ అడ్డం నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, పైనుంచి ఫోన్లు వస్తున్న కొద్దీ మెడ బిగుసుకుపోయే రకం.

"ఎగిరే బండికి బ్రేకులెక్కడియి, పెద్దసారూ? మీకు ఈడ ఏం పని?"

"పడ్డ బండి నేల మీదే ఉంది కదండీ. నేల మీదున్నవన్నీ నా పనే."

"ఐదు నిమిషాలిస్త. చెయ్యి పెట్టొద్దు."

"కళ్ళు పెడతాను."

టార్పాలిన్ కింద బండి పక్కకు ఒరిగి పడి ఉంది. ముందు ముక్కు చూశాడు. పసుపు పూసి, దాని మీద గుండ్రంగా కుంకుమ. గాలికి ఎండి అంచులు రేగాయి. పైన సన్నటి దుమ్ము. తర్వాత పొట్ట కిందికి, అరవై రెండేళ్ళ నడుము ఒప్పుకోకపోయినా, వెల్లకిలా దూరాడు. నిమ్మకాయంత కెమెరా కన్ను. అద్దం పగిలి సాలెగూడులా ఉంది. మధ్యలో కుంకుమ, పసుపు లేదు. కళ్ళజోడు తీసి దాన్నే భూతద్దంలా పట్టుకుని ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ తర్వాత ఆయన మొహంలోకి వచ్చిన నవ్వును ఎవరూ చూడలేదు.

"సీఐ గారూ, మీ యూనిఫాం పాడైతే కొత్తది కుట్టిస్తాను, ఒకసారి ఇలా దూరండి."

ఓంప్రకాష్ గొణుక్కుంటూనే వంగాడు.

"లారీవాడు మనిషిని గుద్ది, సొట్ట మీద రంగు కొట్టించి తెస్తాడు. పాత సొట్టే సార్ అంటాడు. సొట్ట ముందా, రంగు ముందా అని చూసే నా ఉద్యోగం గడిచింది. ముందు రంగుండి తర్వాత దెబ్బ తగిలితే, పగులు దగ్గర రంగు కూడా తెగిపోతుంది. ముందు దెబ్బ తగిలి తర్వాత రంగు పూస్తే, అది పగుల్లోకి దిగుతుంది. ఈ పగుళ్ళు చూడండి."

పగిలిన గీత గీతలోనూ ఎరుపు ఉంది. తడి కుంకుమ లోపలి దాకా ఇంకి, అక్కడే ఆరిపోయింది.

"పడ్డ దెబ్బకు జారి ఉండొచ్చు గద?"

"పొద్దున ఎనిమిదింటికి పెట్టిన బొట్టు పదీ యాభై రెండుకు ఎండి ఉంటుంది. ఎండిన కుంకుమ రాలుతుంది, ఇంకదు. అద్దం పగిలాక, తడి వేలితో ఎవరో దీన్ని పూశారు. పదకొండూ నాలుగుకు బాలమణి ఆంబులెన్సులో ఉంది. అంతకుముందు ఆమె రెండు చేతులూ వీరరాఘవయ్య గారి కింద ఉన్నాయి. మీరొచ్చిందెప్పుడు?"

"పదకొండూ ఇరవై అయిదు." సీఐ గొంతు తగ్గింది.

"మధ్యలో ఇరవై ఒక్క నిమిషాలు ఈ బండి దగ్గర ఉన్నదెవరు?"

"నేనున్నాను. సీన్ పాడవకూడదని అందర్నీ గేటు బయటికి పంపించేశాను," అన్నదో కొత్త గొంతు.

నింగి కంపెనీ భద్రతాధికారి రిత్విక్. ముప్పై అయిదు దాటని వయసు, నలగని చొక్కా. కంపెనీ తరఫున ఈ ప్రమాదాన్ని విచారిస్తున్నదీ అతనే. పట్టాభిరామయ్యను నిన్నటి నుంచి రెండుసార్లు గేటు దగ్గరే ఆపించాడు.

"అంకుల్, మా ఇంటర్నల్ రిపోర్ట్ ఆల్రెడీ సబ్మిట్ చేశాం. మీరు లారీలు చూసుకునేవారు, ఇది అటానమస్ సిస్టమ్. దయచేసి కన్‌ఫ్యూజ్ చేయకండి."

"కన్‌ఫ్యూజన్ నాకే బాబూ, మీరే తీర్చాలి. పదీ ముప్పై ఆరుకు ప్యాడ్ మీంచి పరుగెత్తుకుంటూ దిగారు. ఎక్కడికి?"

"కాఫీకి."

"వీరరాఘవయ్య గారు నెత్తినెక్కి అరుస్తుంటే కాఫీకి పరుగెత్తారా? సరే. పదీ యాభై రెండుకు బండి పడింది. ఆ చప్పుడికి వీధి చివర టీ కొట్టువాడు నాలుగు నిమిషాల్లో ఇక్కడికొచ్చాడు. మీరెప్పుడొచ్చారు?"

"పదకొండూ... ఆరు."

"ఇదే మేడలో కాఫీ తాగుతున్న మనిషికి పద్నాలుగు నిమిషాలా?"

"షాక్‌లో ఉన్నాను," అన్నాడు రిత్విక్. చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే సర్దుకుని సీఐ వైపు తిరిగాడు. "సర్, మూడున్నరకు డెమో ఫ్లైట్ పెట్టాం. టీవీలన్నీ వస్తున్నాయి, ఇద్దరు రిపోర్టర్లు ఎక్కుతారు. మెషీన్ పర్ఫెక్ట్, తప్పు మనిషిది అని లైవ్‌లో తేలిపోతుంది. ఆ తర్వాత ఆవిణ్ణి కోర్టులో ప్రొడ్యూస్ చేసేయండి. మా పెద్దవాళ్ళు మీ పెద్దవాళ్ళతో మాట్లాడారు."

అతను వెళ్ళిపోయాక ఓంప్రకాష్ టోపీ తీసి నెత్తి తుడుచుకున్నాడు. "కుంకుమ తర్వాతనే పూసిండ్రనుకుందం. మరి బండి ఎందుకు పడ్డది? దానికి జవాబు లేకుంట నేను ఆమెను ఇడిచిపెట్టలేను. నా నౌకరీ పోతది."

"బాలమణి ఫోను మీ దగ్గరే ఉంది కదా. తియ్యండి."

* * *

బండి లేచినప్పుడల్లా 'లేచింది' అని, దిగినప్పుడల్లా 'దిగింది' అని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం బాలమణి డ్యూటీ. పన్నెండు వారాల మెసేజీలు అలాగే ఉన్నాయి. పట్టాభిరామయ్య ఫోను ముట్టుకోలేదు. మేడ వరండాలో నిలబడి సీఐ చేతనే చదివించాడు.

"శుక్రవారాలు మాత్రమే చదవండి. పొద్దుటివి."

"పదీ పన్నెండుకు లేచింది. మల్ల పన్నెండూ నాలుగుకు." ఓంప్రకాష్ వేలితో జరిపాడు. "తర్వాతి శుక్రవారం పదీ ఇరవై, పన్నెండూ రెండు. ఆ పై వారం పదీ ఇరవై అయిదు, పన్నెండూ ఆరు..."

"మధ్యలో?"

"ఏం లెవ్వు."

"శనివారాలు?"

"ఎనిమిదీ యాభై. మల్ల పదీ ముప్పై మూడు. ఇంకో శనివారం ఎనిమిదీ నలభై అయిదు, పదీ ముప్పై రెండు." అతని వేలు నెమ్మదించింది. తానే వెనక్కి వెళ్ళి బుధవారాలు చూశాడు. "పన్నెండు నుంచి ఒకటిన్నర దాంక ఒక్కటి లేదు." తలెత్తాడు. "పెద్దసారూ, ఇది... మా ఇంట్ల నన్ను గడప దాటనియ్యని టైము."

"రాహుకాలం," అన్నాడు పట్టాభిరామయ్య. "యంత్రానికి రాహుకాలం ఎవరు నేర్పారండీ?"

సీఐ వెంటనే ఒప్పుకోలేదు. అక్కడే పట్టాభిరామయ్యకు అతనంటే కాస్త గౌరవం కలిగింది. "సినిమావాళ్ళకు సెంటిమెంట్లు ఎక్కువ. వాళ్ళ కోసం కంపెనీవాళ్ళే అట్ల పెట్టి ఉంటరు."

"పెట్టి ఉంటే దాచుకుంటారా? మా టాక్సీ రాహుకాలంలో లేవదని ఫిలింనగరంతా బోర్డులు కట్టేవాళ్ళు. బోర్డు మీదేమో తనిఖీ అని వేశారు. ఎక్కి కూర్చున్న పెద్ద మనిషి తిడుతున్నా లేవలేదు. పోనీ, పెట్టారనే అనుకుందాం. మరి నిన్న శుక్రవారం పదీ నలభై ఒకటికి ఎలా లేచింది?"

ఓంప్రకాష్ ఫోనులో నిన్నటి మెసేజీ మళ్ళీ చదివాడు.

"డ్రైవరు లేడన్నది పచ్చి అబద్ధం. డ్రైవరున్నాడు. సీట్లో లేడు, ఎక్కడో గదిలో కూర్చుని తెర మీద చూస్తూ నడుపుతున్నాడు. మన కృష్ణానగర్‌లో డ్రోను కెమెరాలు తిప్పే కుర్రాళ్ళు కోకొల్లలు. వాళ్ళలోనే ఒకణ్ణి గప్‌చిప్‌గా పెట్టుకుని ఉంటారు. రాహుకాలంలో బండి నడిపే కర్ర ముట్టనివాడు. నిన్న వీరరాఘవయ్య గారు కేకలేశారు. ఆ డ్రైవరు ససేమిరా అన్నాడు. పదీ ముప్పై ఆరుకు రిత్విక్ దిగాడు. పదీ నలభై ఒకటికి బండి లేచింది. లెక్క మీరే కట్టండి."

"రిత్విక్ నడిపిండంటరా?"

"నడపడం రానివాడు నడిపాడంటాను. బండి కూల్చి, గదికి తాళమేసి, ఒళ్ళు వణుకు తగ్గాక గుట్ట దగ్గరకు రావడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. కుంకుమ పళ్ళెం ప్యాడ్ మీదే ఉంది."

మహిళా కానిస్టేబుల్ పక్కన నిలబడి ఇదంతా వింటున్న బాలమణి ఒక్కసారిగా అంది. "మూడో అంతస్తుల సార్! సర్వర్ రూము అని రాసి ఉంటది. దాని ముందర రోజూ ఒక చెప్పుల జత ఉంటుండె. మిషన్లుండే గదికి చెప్పులేందని నేను నవ్వుకునేదాన్ని. నిన్నటి సంది లెవ్వు."

సీఐ చరచరా నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. "వారెంటు లేకుంట ఆ తలుపు పలగ్గొడ్తే కంపెనీ వకీళ్ళు నన్ను తింటరు. వారెంటు వచ్చేసరికి గది ఖాళీ అయితది."

"తలుపు పగలగొట్టక్కర్లేదు," అన్నాడు పట్టాభిరామయ్య. మూడూ ఇరవై అయింది. "రిత్విక్ నోరు చాలు."

* * *

ప్యాడ్ మీద రెండో టాక్సీ తళతళలాడుతోంది. పది కెమెరాలు. బండిలోపలి మాటలు టీవీలకు వినపడేలా పెద్ద స్పీకర్లు కూడా పెట్టించాడు రిత్విక్. ఇద్దరు విలేకరులు ఎక్కబోతుంటే పట్టాభిరామయ్య వాళ్ళ కన్నా ముందు వెళ్ళి, చొరవగా సీట్లో కూర్చున్నాడు.

"అంకుల్! దిగండి. ఇది ప్రెస్ ఫ్లైట్."

"నిన్న కూలిన బండికి అక్క ఇది. ముందు నా పాతకాలపు ప్రాణంతో పరీక్షించి చూడండి. వాళ్ళకింకా పెళ్ళిళ్ళు కావాలి."

విలేకరులు నవ్వారు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. రిత్విక్‌కు నవ్వక తప్పలేదు. "షూర్. ఎంజాయ్ చేయండి. నేను కిందికెళ్ళి మానిటర్ చేస్తాను."

"దేనికండీ?" పట్టాభిరామయ్య గొంతు స్పీకర్లలో మేడంతా మోగింది. "ఎవరూ నడపక్కర్లేని బండిని మీరు కింద కూర్చుని చూసేదేముంది? తనంతట తనే లేచేదైతే, నా పక్కన కూర్చోండి. ఇద్దరం ఎగురుదాం. లేచిందా, మూడు నెలలుగా మీరు చెప్పిందంతా నిజమని ఈ కెమెరాల ముందే మీ కాళ్ళు మొక్కుతాను. లేవలేదా, ఆ ఆడమనిషి చెయ్యి వదలండి."

కెమెరాలు రిత్విక్ మొహం మీదికి తిరిగాయి. బాలమణి తల ఎత్తుకునే నిలబడి ఉంది. ఆమె చెయ్యి పట్టుకున్న కానిస్టేబుల్ మాత్రం సీఐ వైపు చూసింది.

రిత్విక్ క్షణం ఆలోచించాడు. తర్వాత అతని మొహం తేలికపడింది. అతనేం లెక్క వేసుకున్నాడో పట్టాభిరామయ్యకు తెలుసు. తను కింద లేకపోతే బండి కదలదు. కదలకపోతే సాంకేతిక కారణమని చెప్పి తప్పుకోవచ్చు. రేపు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఈలోగా నాలుగవుతుంది, బాలమణి వెళ్ళిపోతుంది. దొరగారు హాయిగా పక్క సీట్లో కూర్చున్నారు. తలుపులు మూసుకున్నాయి.

ఒక నిమిషం గడిచింది. రెండు. ఎదుటి తెర మీద పచ్చదీపం వెలగనే లేదు.

"చిన్న టెక్నికల్ హోల్డ్," అన్నాడు రిత్విక్ కెమెరాల వైపు చెయ్యి ఊపుతూ.

"ఎంతసేపు?"

"సిస్టమ్ డిసైడ్ చేస్తుంది, అంకుల్. మన చేతుల్లో ఉండదు."

"ఎవరి చేతుల్లో ఉంటుంది?"

రిత్విక్ చిరునవ్వుతో ఏదో అనబోయాడు. నెత్తి మీద ఎనిమిది పంకాలూ ఒక్కసారిగా గిర్రున తిరిగాయి. తెర మీద పచ్చదీపం వెలిగింది. బయట జనం చప్పట్లు కొట్టారు.

రిత్విక్ తలుపు మీద రెండు చేతులతో బాదాడు. "తెరవండి! ఆపండి! ఇది లేవకూడదు! కింద గదిలో ఎవరూ లేరు... దీన్ని నడిపేవాడు లేడు! తాళంచెవి నా జేబులో ఉంది!"

ప్రతి మాటా స్పీకర్లలోంచి మేడ మీద మోగింది. చప్పట్లు ఆగిపోయాయి. అద్దంలోంచి పట్టాభిరామయ్యకు ఓంప్రకాష్ చెయ్యెత్తడం కనపడింది. కానిస్టేబుల్ బాలమణిని వదిలేసింది. ఆమె ఆ మణికట్టును రుద్దుకుంటూ అక్కడే నిలబడింది, ఎక్కడికీ పారిపోలేదు. పట్టాభిరామయ్యకు ఆనందంతో అరవాలనిపించింది. ఆ అరుపు గొంతు దాటేలోపే ప్యాడ్ కాళ్ళ కిందనుంచి జారిపోయింది. బండి నిటారుగా లేచి, చక్కరు కొట్టే దారి వదిలేసి, రాతిగుట్ట వైపు ముక్కు తిప్పింది.

పైనున్న చిన్న స్పీకరు గరగరమంది.

"పెద్దసారూ, బెల్టు గట్టిగ పెట్టుకో," అంది ఒక మగ గొంతు, ఏ తొందరా లేకుండా.

"హనుమంతూ..." రిత్విక్ స్పీకరు వైపు తల ఎత్తాడు. "నిన్న నడపనన్నావని గదిలోంచి గెంటేశాను, ఇంకో రిమోటు నీ దగ్గరుందా? హనుమంతూ, వద్దు."

"రిత్విక్ సార్, నీ బెల్టు ఇప్పెయ్."